2079 దాకా ఆగాలా?

పాత ప్రేమ నవలల్ని ఇప్పటి ఇంటర్ పిల్లల కోసం తిరగరాయొచ్చా? విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఈ తగవు మళ్లీ మొదలైంది.

రాయాలనేవాళ్లు ఇంగ్లిషును చూపిస్తున్నారు. జేన్ ఆస్టిన్ 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కథను 2018లో ఐబీ జొబోయి ‘ప్రైడ్’ పేరుతో బ్రూక్లిన్‌కు తెచ్చారు. అక్కడ ఐదుగురు అక్కచెల్లెళ్లది హైతీ-డొమినికన్ కుటుంబం. ఎదురింట్లో డబ్బున్నవాళ్లు దిగుతారు. పాత కథ మీద కాపీరైటు ఎప్పుడో ముగిసింది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

మన దగ్గర ముడి 1991 డిసెంబరు ఆఖరి వారంలో పడింది. అప్పట్లో రచయిత పోయాక కాపీరైటు 50 ఏళ్లే ఉండేది. టాగూర్ 1941లో పోయారు కాబట్టి ఆ నెలాఖరుతో ఆయన హక్కులు ముగిసిపోవాలి. కేంద్రం హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చింది. 1992లో అది చట్టమై గడువు 60 ఏళ్లయింది. ఒక్క మహాకవి కోసం మొదలైన మార్పు అందరికీ చుట్టుకుంది. 1938లో పోయిన శరత్ హక్కులు అప్పటికే ముగిశాయి. అందుకే దేవదాసును గుంటూరు బ్రాడీపేట హాస్టల్లో కూర్చోబెట్టి ఎవరైనా రాసుకోవచ్చు. చలం కోసం 2039 చివరి దాకా ఆగాలి. 2018లో పోయిన యద్దనపూడి సులోచనారాణి నవలలకైతే 2079 జనవరి 1 రావాలి. ఇవాళ పదహారేళ్ల అమ్మాయికి అప్పటికి డెబ్బై దగ్గర పడతాయి. అమ్మమ్మ దాచుకున్న నవల ఆమె కాలేజీ భాషలోకి రావడానికి ఇంత ఎదురుచూపా?

పేరున్న పాత్రల్ని వాడుకుని వేరేవాళ్లు సొమ్ము చేసుకోవడం అన్యాయమని హక్కుదారుల పక్షం అంటోంది. అందులో న్యాయం లేకపోలేదు.

అయితే 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది: కథాంశం మీద కాపీరైటు ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది. అంటే పేదింటి అభిమానవతి, కారున్న ఆరడుగుల నాయకుడు అన్న అల్లిక ఎవరి సొత్తూ కాదు. యద్దనపూడి ‘సెక్రటరీ’లోని రాజశేఖరం, జయంతి పేర్లతో, ఆ సన్నివేశాలతో రాస్తేనే చిక్కు. అనువాదానికి చట్టం ఒక దారి ఉంచింది. నవల అచ్చయి 7 ఏళ్లు దాటాక, హక్కుదారు కాదన్నా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తిరగరాతకు అలాంటి దారి లేదు.