చేతి ఒత్తిడికి లొంగే రక్తం ఏది?

వెన్నునూ కీళ్లనూ కండరాలనూ చేతులతో ఒత్తి, కదిలించి చేసే ఆస్టియోపతీ చికిత్స రక్తప్రసరణను మెరుగుపరుస్తుందన్న మాట తరచు వినిపిస్తుంది. 1874లో ఈ పద్ధతిని ప్రతిపాదించిన అమెరికన్ వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్, ధమనులలో రక్తం ఆటంకం లేకుండా సాగడమే ఆరోగ్యానికి మూలమని నమ్మారు. అయితే చేతుల ప్రభావాన్ని వెతకవలసింది ధమనులలో కాదు, సిరలలోనూ, కణజాలంలో మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస (లింఫ్) నాళాలలోనూ అని నా అభిప్రాయం.

కారణం పీడనాల లెక్కలో ఉంది. పెద్ద ధమనులలో సగటు పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. ఆ మందమైన గోడను పైనుంచి ఎంత ఒత్తినా ప్రవాహం తగ్గుతుందే తప్ప వేగం పుంజుకోదు. కానీ పడుకున్న మనిషిలో రక్తం కేశనాళికలు దాటి సిరలను చేరేసరికి పీడనం 15కు అటూ ఇటూ పడిపోయి, గుండె కుడి కర్ణికను సమీపించేటప్పటికి దాదాపు సున్నా అవుతుంది. శరీరంలోని రక్తంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఇంత తక్కువ పీడనం గల సిరలలోనే ఉంటుంది కనుక, అక్కడ అరచేతి ఒత్తిడి చిన్న బలమేమీ కాదు. కాళ్ల సిరలలోని కవాటాలు వెనక్కి జారనివ్వవు కాబట్టి, పిండిన రక్తం గుండె వైపే కదులుతుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు చేసే పని సరిగ్గా ఇదే.

శోషరసం విషయం ఇంకా అద్భుతమైనది. కేశనాళికల నుంచి కణజాలంలోకి ఊరిన ద్రవంలో మిగిలినది ఈ నాళాల ద్వారానే తిరిగి రక్తంలో కలవాలి. అందులో అధిక భాగం వక్ష శోషరస నాళం గుండా ప్రయాణించి, ఎడమవైపు మెడ సిర, భుజం సిర కలిసే చోట రక్తంలోకి చేరుతుంది. దీనికి గుండె వంటి పంపు లేదు. నాళపు గోడల సంకోచమూ, చుట్టూ ఉన్న కండరాల కదలికా, శ్వాసతో ఛాతీకీ పొట్టకీ నడుమ ఉండే కండరపు పొర డయాఫ్రమ్ దిగి లేచేటప్పుడు ఛాతీకీ ఉదరానికీ మధ్య మారే పీడనమూ కలిసి దాన్ని నడుపుతాయి. ఛాతీని గానీ పొట్టను గానీ లయబద్ధంగా ఒత్తే ఆస్టియోపతీ పద్ధతి ఈ పీడన భేదాన్నే పెంచుతుంది. కుక్కలపై చేసిన ప్రయోగాలలో ఆ నాళంలో ప్రవాహం అనేక రెట్లు పెరిగింది. వ్యాయామం చేయించినప్పుడు కూడా అటువంటి పెరుగుదలే కనిపించింది. ఒత్తడం ఆపితే ప్రవాహం తగ్గిపోతుంది. ఈ చికిత్స ఒంట్లోని విషాలను బయటికి నెడుతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. ఆ పని కాలేయానిదీ మూత్రపిండాలదీ.

ధమనులపై ప్రభావం ఏదైనా ఉంటే అది పరోక్షంగానే ఉండాలి. ప్రవాహం పెరిగినప్పుడు రక్తపు రాపిడికి నాళపు లోపలి పొర అయిన ఎండోథీలియం కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. అది నాళపు గోడలోని నునుపు కండరంలో సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువును పెంచి నాళాన్ని సడలిస్తుంది. పాయిజ్వీ సూత్రం ప్రకారం ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది కాబట్టి, పీడనం మారకుండా వ్యాసార్ధం 10 శాతం పెరిగినా ప్రవాహం 46 శాతం పెరుగుతుంది.

ప్రవాహం కాసేపు పెరగడం వేరు, రోగం నయం కావడం వేరు. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన వృద్ధులపై జరిపి 2010లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో, యాదృచ్ఛికంగా విభజించిన రోగులందరినీ లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆస్టియోపతీ చికిత్స పొందిన సమూహానికీ మిగతా సమూహాలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా సిరలోని రక్తాన్ని కదిలించగల ఒత్తిడి, అక్కడ రక్తపు గడ్డ ఉంటే దాన్ని కూడా కదిలించగలదు. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడుతున్నప్పుడు ఎవరిచేతా పిక్క ఒత్తించుకోకుండా ముందు వైద్యుని వద్దకు వెళ్లాలి, ఎందుకంటే లోతైన సిర నుంచి ఊడిన గడ్డ ఊపిరితిత్తుల ధమనిని మూసివేస్తే ప్రాణాపాయం కలుగుతుంది.