గుంట పోయింది, పేరు మిగిలింది

తిరుపతిలో కొర్లగుంట ఉంది, తాతయ్యగుంట ఉంది, గొల్లవానిగుంట ఉంది, ఊరి అంచున తుమ్మలగుంట ఉంది. ఆటో ఎక్కేటప్పుడు చెప్పే గుర్తులుగా ఈ పేర్లను రోజూ పలుకుతూనే ఉంటాం గానీ, వాటి చివరనున్న మాటకు అర్థమేమిటో ఆలోచించడం మానేసి చాలాకాలమైంది. మన సీమలో గుంట అంటే చుట్టుపక్కల మిట్టల మీద పడిన వాన జారివచ్చి నిలిచే పల్లం. ఆ పల్లంలో ఇప్పుడు ఇళ్లున్నాయి, బళ్లున్నాయి, కల్యాణ మండపాలున్నాయి. వాన మాత్రం పాత దారినే వెతుక్కుంటూ అక్కడికే వస్తోంది.

ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే వీధి, కార్తీకంలో మోకాటి లోతు నీళ్లలో మునగడం తిరుపతి వాసులకు కొత్త కాదు. ఈ రెండింటినీ మనం రెండు వేర్వేరు కష్టాలుగా చూస్తున్నాం. ఒకదానికి పైపులైన్లు, మరొకదానికి మురుగు కాలువలు మందుగా వేస్తున్నాం. నిజానికి ఈ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలని ఈ నేల నిర్మాణాన్ని కొంచెం శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది.

తిరుమల కొండ సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉంటే, దాని పాదాల దగ్గరున్న పట్టణం దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నేల 600 మీటర్లకు పైగా దిగిపోతుంది. ఘాట్ రోడ్డులో ప్రయాణించేవారు ఒకచోట రాతి గోడను గమనిస్తే, కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా పేర్చినట్టుండే క్వార్ట్‌జైటు, వాటి మధ్య గీత గీసినట్టు ఒక సరిహద్దు కనిపిస్తాయి. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న రాళ్ల వయసుల మధ్య తేడా పదుల కోట్ల సంవత్సరాలు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. మన చర్చకు కావలసింది ఆ వయసు కాదు, ఆ రెండు రాళ్ల స్వభావం. క్వార్ట్‌జైటు గట్టిదే అయినా నిలువునా అడ్డంగా పగుళ్లతో నిండి ఉంటుంది. కొండ మీది అడవి, అది పోగుచేసిన ఆకు మన్ను వాన వేగాన్ని తగ్గించి నీటిని ఆ పగుళ్లలోకి దించుతాయి. అలా దిగిన నీరు కింద గట్టి రాయి అడ్డుపడిన చోట పక్కకు తిరిగి ఊటగా బయటకు రాగలదు. కొండల్లో వాన ఆగిపోయిన తరువాత కూడా కొన్నాళ్లపాటు తీర్థాలు జాలువారుతూ ఉండడం వెనుక ఈ నిదానం ఉంది. ఎర్రచందనం ప్రస్తావన వచ్చినప్పుడల్లా శేషాచలాన్ని చెట్ల విలువతో కొలుస్తాం. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన ఆ అడవి తిరుపతికి మొదటి నీటి తొట్టి కూడానని నా అభిప్రాయం.

కొండ దిగితే లెక్క మారిపోతుంది. మైదానంలో పైన కొద్ది మీటర్ల మేర శిథిలమైన రాయి, దాని కింద పగుళ్లున్న రాయి, ఆ కింద నీటికి చోటులేని బండ. కోస్తాలోని ఇసుక నేలల్లా ఇది నీటిని ఉదారంగా దాచుకోలేదు. శిథిల గ్రానైటులో నుంచి మనం నిజంగా తోడుకోగలిగే నీరు, దాని ఘనపరిమాణంలో సుమారు 2 శాతం. ఈ చిన్న అంకెలో పెద్ద సంగతి ఉంది. 10 మిల్లీమీటర్ల నీరు భూమిలోకి ఇంకితే బావిలో నీటిమట్టం అర మీటరు పెరుగుతుంది. 10 మిల్లీమీటర్లు తోడితే అర మీటరు పడిపోతుంది. ఒక మంచి వానకు బోర్లు పొంగినట్టు కనిపించడం, రెండు నెలలు తిరక్కుండానే గాలి పోయడం, రెండూ ఇందువల్లే. ఇలాంటి నేలలో పడిన వానలో పదో వంతు దానంతట అది ఇంకితే గొప్ప. మిగిలిన తొమ్మిది వంతులను ఆపి, నిలబెట్టి, ఇంకడానికి వ్యవధి ఇచ్చేది ఏదైనా ఉంటేనే ఊరికి నీళ్లు. వెయ్యి అడుగులు తవ్వినా ఈ లెక్క మారదు, ఎందుకంటే అంత లోతున ఉన్న పగుళ్లలోకి కూడా నీరు పైనుంచే రావాలి.

మన పూర్వులు ఆ పని చెరువుతో చేశారు. ఈ ప్రాంతానికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వానలిస్తాయి. ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైగా పడే వర్షంలో రెండింటి వాటాలూ దాదాపు సరిసమానం. అయితే ఈశాన్య రుతుపవనాల వాన బంగాళాఖాతపు వాయుగుండాలతో కలిసి, కొద్ది రోజుల్లోనే కుండపోతగా దిగుతుంది. దాన్ని ఒకే పెద్ద ఆనకట్టతో పట్టుకోవడం కష్టం. అందుకే కొండ పాదం నుంచి స్వర్ణముఖి దాకా మెట్లు మెట్లుగా చెరువులు కట్టారు. పై చెరువు నిండి మొరవ (మిగులు నీరు పొర్లిపోయే చోటు) పోతే, ఆ నీరు వంక గుండా కింది చెరువుకు చేరుతుంది. అదీ నిండితే దాని కిందిదానికి. చివరికి మిగిలిందే ఏటికి. తూము తెరిచి మూసే నీరుగంటి ఒక్కో ఊళ్లో ఈ గొలుసుకు కాపలాదారు. ఆయకట్టు తడవడం కంటికి కనిపించే లాభం. కట్ట వెనుక నెలల తరబడి నీరు నిలిచి, కింది బావులను నింపడం కనిపించని లాభం. అదే పెద్దదని నేను అనుకుంటాను.

ఈ గొలుసుకు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో తిరుమల, తిరుపతి శాసనాలు చెబుతాయి. విజయనగర కాలంలో భక్తులు స్వామికి సమర్పించిన ధనంలో చెప్పుకోదగ్గ భాగాన్ని ఆలయం వారు దేవస్థానపు గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించేవారు. ఆ నీటితో అదనంగా పండిన ధాన్యం నుంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. దాత ఇచ్చిన సొమ్ము కరిగిపోకుండా ఏటేటా పంటగా తిరిగివచ్చే ఏర్పాటు అది. ఐదు వందల ఏళ్ల కిందటే నీటి వనరును శాశ్వత నిధిగా లెక్కగట్టిన ఊరు మనదని తలుచుకుంటే గర్వమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది.

గొలుసు ఎలా తెగిందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. పొలాలు ప్లాట్లయ్యాయి, ఆయకట్టు లేని చెరువు ఎవరికీ అక్కరలేనిదైంది. చెరువు మధ్యను ఆక్రమించడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి దానిపై గొడవైనా జరుగుతుంది. రెండు చెరువుల మధ్యనుండే వంక మాత్రం ఏడాదిలో పది నెలలు ఎండి, ముళ్లకంపతో నిండి, ఎవరిదీ కాని స్థలంలా ఉంటుంది. లేఅవుటు వేసేవారు దాన్ని ఇరవై అడుగుల నుంచి ఆరు అడుగులకు కుదించి, సిమెంటు పెట్టెలో బిగించి, పైన రోడ్డు వేస్తారు. కాగితం మీద కాలువ ఉన్నట్టే. కానీ కాలువ వెడల్పును నిర్ణయించవలసింది ఎండిన పది నెలలు కాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఆ కొన్ని గంటలు. వంక మూసుకుపోతే పై చెరువు తెగే ప్రమాదం, కింది చెరువు ఎండే ప్రమాదం, మధ్యనున్న కాలనీ మునిగే ప్రమాదం మూడూ ఒకేసారి వస్తాయి.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన అంటే 10 కోట్ల లీటర్లు. అది చెట్టూ చేమా ఉన్న నేలైతే అందులో రెండు మూడు కోట్ల లీటర్లు మాత్రమే పారుతుంది, అదీ నెమ్మదిగా. అదే చదరపు కిలోమీటరును కాంక్రీటుతో కప్పేస్తే ఎనిమిది తొమ్మిది కోట్ల లీటర్లు పారుతుంది, అదీ ఒక్కసారిగా.

2021 నవంబరులో జరిగింది ఇదే. ఆ నెల 18న వాయుగుండం ప్రభావంతో కురిసిన వానకు ఘాట్ రోడ్లు మూతపడ్డాయి, శ్రీవారి మెట్టు దారి బండరాళ్లతో దెబ్బతింది, కపిలతీర్థం జలపాతం ఉగ్రరూపం దాల్చింది, స్వర్ణముఖి ఒడ్డులు దాటింది. ఆ రోజుల్లోనే నగరంలో ఒక ఇంటి ఆవరణలో భూమిలో పూడ్చి ఉన్న సిమెంటు ఒరల నీటి తొట్టి, లోపల శుభ్రం చేస్తుండగా, దానంతట అది పైకి లేచి నిలబడింది. చూడడానికి జనం బారులు తీరారు. కొందరు దండం కూడా పెట్టుకున్నారు. అక్కడ పనిచేసింది ఆర్కిమిడిస్ సూత్రం. ఒకటిన్నర మీటర్ల వ్యాసం, ఏడున్నర మీటర్ల లోతు ఉన్న తొట్టిని ఊహించుకోండి. చుట్టూ ఉన్న మట్టి నేల మట్టం దాకా నీటితో నిండిపోతే, ఆ తొట్టిని పైకి తోసే బలం దాదాపు 13 టన్నుల బరువుకు సమానం. ఒరలు, అడుగు బిళ్ల కలిపి ఐదు టన్నులుంటే, తొట్టి నిండా నీరున్నంత కాలం మొత్తం దాదాపు 16 టన్నులు, కదలదు. నీరు తోడేసిన క్షణాన మిగిలేది ఐదు టన్నులే. నానిపోయిన మట్టి పట్టు సడలగానే అది పడవలా తేలుతుంది. ఆ తొట్టి మనకు ఒక కొలమానం: నీటి కోసం వందల అడుగులు తవ్వే ఊరి భూగర్భం ఆ వారంలో పాదాల దాకా నిండి ఉంది. నిండిన ఆ నీటిని నిదానంగా తీసుకుపోయే చోటు లేదు, దాచుకునే చోటూ లేదు.

అదే వారం రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడం మొదలై, కింది పల్లెలను ఖాళీ చేయించవలసి వచ్చింది. మట్టి కట్టలో నీటి చెమ్మ దారి చేసుకుంటే, ఆ దారిలో సన్నని మట్టి రేణువులు కొట్టుకుపోతాయి, దారి వెడల్పవుతుంది, వేగం పెరుగుతుంది. కొన్ని గంటల్లో గండి. పూర్వం కట్ట మీద చెట్ల వేర్లు, ఎలుక బొరియలు, చీమల పుట్టలు కనిపెట్టి ఏటా మరమ్మతు చేయడం ఊరి పనిగా ఉండేది. రాత్రింబవళ్లు శ్రమించి ఆ కట్టను నిలబెట్టినవారికి నమస్కారం. అయితే కట్టను కాపాడవలసిన కాలం వేసవి.

స్వర్ణముఖి సంగతి వేరుగా చెప్పాలి. పాకాల ప్రాంతపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతం చేరే ఈ ఏరు ఎక్కువ కాలం పైకి ఎండినట్టే ఉంటుంది. ఎండింది ఉపరితలమే, దాని ప్రవాహం ఇసుకలో. గ్రానైటులో 2 శాతం నీరు దొరికితే, ఏటి ఇసుకలో దానికి పది రెట్ల దాకా దొరుకుతుంది. ఏటి గర్భంలో ఏటవాలుగా ఊట కాలువలు తీసి, ఏ యంత్రమూ లేకుండా పొలాలకు నీరు పారించిన రైతులకు ఈ తేడా చేతి అనుభవంగా తెలుసు. ఇసుకను లారీలకెత్తడమంటే నీటి తొట్టినే ముక్కలుగా అమ్ముకోవడం. ఈ శతాబ్దం మొదట్లో స్వర్ణముఖికి అడ్డంగా ఇసుక కింద, రాయి తగిలే దాకా తవ్వి భూగర్భ ఆనకట్టలు కట్టారు. పైకి కనిపించవు, ముంపు ఉండదు, ఎండకు నీరు ఆవిరి కాదు. మన నేలకు ఇంతగా అతికే సాంకేతికత అరుదు. ఇసుకే లేకపోతే మాత్రం ఆ గోడ వెనుక నిలిచేదేమీ ఉండదు.

ఇప్పుడు తిరుపతి తాగుతున్నది ప్రధానంగా కల్యాణి డ్యాము నీరు, తెలుగుగంగ నీరు. రెండోది కృష్ణా నీరు. సోమశిల, కండలేరు మీదుగా వందల కిలోమీటర్లు నడిచి, చివరి దూరం పంపులతో ఎక్కి మనింటి కుళాయికి వస్తోంది. అది లేకపోతే ఊరు నిలవదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ లెక్క కూడా చూడండి. 2011 జనగణన నాటికి నగర జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో దాదాపు 3.9 కోట్ల లీటర్లు కావాలి. సుమారు 27 చదరపు కిలోమీటర్ల నగరం మీద పడే 100 మిల్లీమీటర్ల వాన 270 కోట్ల లీటర్లు, అంటే ఆ జనాభాకు 70 రోజుల నీరు. జనాభా అప్పటికంటే పెరిగింది, వచ్చిపోయే యాత్రికులు వేరు. వానంతటినీ ఎవరూ పట్టలేరు. అందులో అయిదో వంతు పట్టినా రెండు వారాలు.

కనుక చేయవలసింది ఏమిటంటే, ప్లాటు గీతలు గీయడానికి ముందే వంక గీతలు గీయాలి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో వేసే ప్రతి లేఅవుటు పటం మీద నేల వాలు, పై చెరువు మొరవ, కింది చెరువుకు దారి తప్పనిసరిగా కనిపించాలి. వంకకు ఇరువైపులా వదిలే స్థలం పార్కుగా లెక్కకు రావాలి. ఇంటింటి ఇంకుడు గుంతలు మంచివే, కానీ శిథిల పొర పలుచగా ఉన్న చోట గుంత తవ్వి ఫొటో తీసుకుంటే ప్రయోజనం ఉండదు. బండ ఎక్కడుందో, పగులు ఎక్కడుందో చూసి తవ్వాలి. మురుగు కలిసిన వంకను చెరువుకు తిప్పితే భూగర్భ జలం పాడవుతుంది కాబట్టి మురుగును విడదీయడం మొదటి పని. చెరువును పార్కుగా మార్చేటప్పుడు చుట్టూ రాతి గోడ, లైట్లు, నడక దారి పెట్టి, నీరు వచ్చే నోరు మూసేయడం మన దగ్గర తరచూ జరుగుతున్న పొరపాటు. అలాంటి చెరువుకు చివరికి ట్యాంకర్లతోనే నీరు పోయవలసి వస్తుంది.

పాత రెవెన్యూ పటాల్లో ఈ వంకలన్నీ సర్వే నంబర్లతో సహా, వంక పోరంబోకు అని రాసి ఉన్నాయి. ఆ పటాన్ని ఇవాళ్టి వీధుల పటం మీద పరిచి చూస్తే ఏ మలుపులో నీరు నిలుస్తుందో, ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి మొదట దిగుతుందో మబ్బు పట్టకముందే చెప్పవచ్చు. ఆ పని ప్రతి వార్డు సచివాలయంలో, అక్టోబరు రాకముందే, గోడకు తగిలించిన పటంగా జరగాలి.