మలుపుల రోడ్డుకు స్పోర్ట్స్ కారు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను సస్పెన్షన్, అలైన్‌మెంట్ పని చేస్తాను. పాత స్పోర్ట్స్ కారు కొనేముందు ఒకసారి చూడమని చాలామంది తీసుకొస్తుంటారు. కారు లిఫ్ట్ ఎక్కకముందే వచ్చే ప్రశ్న, "ఈ పవర్ సరిపోతుందా అండీ?" అని. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క అనుమానం దగ్గరే.

అపోహ: పవర్ ఎంత ఎక్కువుంటే మలుపుల్లో అంత మజా.

కాదు. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. మంచి రోడ్ టైరు పొడి రోడ్డు మీద 0.9 జీ పట్టు, అంటే కారు బరువులో 90 శాతం దాకా పక్కకి ఆపగలిగే పట్టు, ఇస్తుందనుకుంటే, గంటకు 58 కిలోమీటర్ల దగ్గర ఆ పట్టు అయిపోతుంది. ఇంజన్ 120 హార్స్‌పవరైనా 500 అయినా ఆ హద్దు అదే. పైగా అది టైరు చిట్టచివరి హద్దు. అవతల ట్రాక్టరుందో గేదె ఉందో కనిపించని రోడ్డు మీద దాని దరిదాపులకు కూడా వెళ్లకూడదు. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. 500 హార్స్‌పవర్ కారులో యాక్సిలరేటర్ సగం తొక్కేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. అంత డబ్బు పోసి కొన్న ఇంజన్‌ని రోజంతా పట్టి ఆపుకోవడమే పనవుతుంది.

మజా వచ్చేది తక్కువ బరువు నుంచి, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగ్ నుంచి. 1989లో వచ్చిన మొదటి మాజ్డా ఎంఎక్స్-5లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజన్, 115 హార్స్‌పవర్, అంతే. బరువు టన్ను లోపే. 1996 లోటస్ ఎలీజ్‌కీ పవర్ దాదాపు అంతే, బరువు ఇంకా తక్కువ. ఈ రెండింటినీ ఇప్పటికీ జనం వెతికి వెతికి కొంటున్నారు. టయోటా జీటీ86కి 200 హార్స్‌పవర్ ఇచ్చి కూడా కంపెనీ 215 మిల్లీమీటర్ల వెడల్పు మామూలు టైర్లే వేసింది. తక్కువ వేగంలోనే కారు కదలిక డ్రైవర్‌కి తెలియాలని.

కారు వెడల్పు ఎవరూ అడగరు, నాకదే ఆశ్చర్యం. ఇప్పటి ఎంఎక్స్-5 వెడల్పు 1,735 మిల్లీమీటర్లు. పెద్ద సూపర్‌కార్లు రెండు మీటర్లు దాటుతాయి. సన్నటి రోడ్డులో ఎదురు బండి వచ్చిందంటే టెన్షన్ ఎవరికో చెప్పక్కర్లేదు.

అపోహ: సస్పెన్షన్ ఎంత గట్టిగా ఉంటే కారు అంత బాగా తిరుగుతుంది.

నున్నటి రేస్ ట్రాక్ మీద చాలావరకు నిజమే. గతుకుల రోడ్డు మీద మాత్రం గట్టి స్ప్రింగు టైరుని నేలకి ఆననివ్వదు. గాల్లో ఉన్న టైరుకి పట్టెక్కడిది? ఒకతను బాగా కిందికి దించిన కారు తెచ్చి, మలుపు మధ్యలో పక్కకి గెంతుతోందని వాపోయాడు. బాగా భయపడిపోయి ఉన్నాడు, అమ్మేద్దామనుకుంటున్నాడు. చూస్తే సస్పెన్షన్ కదలడానికి చోటే లేదు, చిన్న గతుక్కి కూడా బంప్ స్టాప్ మీద, అంటే సస్పెన్షన్ కదలిక చివర ఉండే రబ్బరు అడ్డు మీద, కూర్చుంటోంది. కంపెనీ స్ప్రింగులు, కొత్త డంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వేసి అలైన్‌మెంట్ చేశాం. ఆ కారు ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.

అపోహ: వెనక చక్రాల డ్రైవ్ అంటే ప్రమాదం.

ఈ భయంతో వచ్చేవాళ్లని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. పాత కార్ల విషయంలో, అందులోనూ తడి రోడ్డు మీద, అది సబబైన భయమే. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారబోతే తనంతట తానే బ్రేకులు వేసి సరిచేసే ఏర్పాటు), నాలుగు మంచి టైర్లు ఉన్న 200 హార్స్‌పవర్ లోపు కారుని చూసి మాత్రం అంత బెదరక్కర్లేదు. స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయకండి, అంతే.

ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందడం) ఉంటే త్వరగా ఆగుతుందనేది వట్టి పుకారు. అది ముందుకి లాగడానికే, బ్రేకుకి కాదు. ఆటోమేటిక్‌లో మజా ఉండదన్నది మీ ఇష్టాయిష్టాల సంగతి.

కొనేరోజు టైరు పక్కన ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి, టైరు ఎప్పుడు తయారైందో తెలుస్తుంది. 2319 అంటే 2019లో 23వ వారం. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడుగాటి దిగువలో బ్రేకులు వేడెక్కినప్పుడు ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడేది అందుకే.