పల్లె బాప్టిస్టు చర్చి, కరువు బియ్యం మాట

ఒంగోలు చుట్టుపక్కల చాలా ఊళ్ళల్లో మాదిగపల్లెలో చిన్న బాప్టిస్టు చర్చి ఒకటి కనిపిస్తుంది, దాని మాట ఎత్తితే చాలు 1876-78 కరువులో బియ్యం కోసం మతం మారారులే అనేస్తారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు, పాతికేళ్ళు గడిచినా చేరినవాళ్ళు చాలా తక్కువ, ఇక మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ నడిచింది. పల్లెల్లో కదలిక తెచ్చింది నా లెక్కలో దొరలకంటే ముందు తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ ఆయన, అంతకుముందే యోగమార్గం పట్టి గురువుల దగ్గర తిరిగినవాడు, 1866లో బాప్తిస్మం తీసుకుని చుట్టాల ఊళ్ళన్నీ తిరిగి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో మొదలైంది, కరువు రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది.

చేరేవాళ్ళు చచ్చిన గొడ్డు మాంసం మానాలి, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. వినడానికి చిన్న షరతులే గానీ ఊళ్ళో చచ్చిన గొడ్డుని లాగేదీ జాతరకి డప్పు కొట్టేదీ వాళ్ళే, మేం రామంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా, కూలి ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టించారు. బియ్యం కోసమే అయితే ఇదంతా ఎందుకు పడతారు?

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర, సర్వే పని తెలిసినవాడు కాబట్టి, బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, తిండి దొరికింది, బోధకులు కూలీల మధ్యే ఉండేవాళ్ళు. ఆ ప్రభావం లేదని నేననను. కానీ బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా ఏడాదికి పైగా ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని, సాయం పనులు ఆగాకే ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు, అలా ఒక్కరోజే 2222 మందికి ఇచ్చారు.

తర్వాత వచ్చిన చిక్కు కాగితాలది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, ఆంధ్రలో వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్లో దాని వాటా ఒక్క శాతం. అందుకే ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్ళకీ రికార్డుల్లో క్రైస్తవులుగా ఉన్నవాళ్ళకీ చాలా ఊళ్ళల్లో లెక్క కుదరదు.