పెదవి ముందు, మాట వెనక

కంప్యూటర్‌లో పాట పెట్టి గదిలో మరో మూలనున్న వైఫై స్మార్ట్ స్పీకర్‌కు పంపితే హాయిగా వినిపిస్తోందనీ, అదే దారిలో సినిమా పెడితే మాత్రం పెదవులు కదిలిన చాలాసేపటికి గాని మాట వినబడడం లేదనీ, లోపం స్పీకర్‌దా వైఫైదా అనీ ఒక పాఠకురాలు అడిగారు. రెండింటిదీ కాదు. ఆ ఆలస్యం తయారుచేసినవారు తెలిసి తెలిసి పెట్టినది. నేను మా ఇంట్లో చప్పట్లు కొట్టే దృశ్యాన్ని తెరమీద ఆడించి, తెరనూ స్పీకర్‌నూ కలిపి ఫోన్‌తో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున చిత్రీకరించి చూశాను. చేతులు కలిసిన ఫ్రేముకూ చప్పుడు వినిపించిన ఫ్రేముకూ మధ్య 60 ఫ్రేములు, కాస్త అటూ ఇటూగా లెక్క తేలాయి. అంటే దాదాపు 2 సెకన్లు. వైఫైలో శబ్దాన్ని స్పీకర్‌కు పంపే ఆపిల్ వారి ఎయిర్‌ప్లే తొలి తరం పద్ధతిలో ఇది మామూలే.

కంప్యూటర్ లోపలి శబ్దాన్ని పట్టుకోవడం పెద్ద విద్య కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక ఉత్తుత్తి సౌండ్ కార్డును చూపిస్తే, అది నిజమైనదే అనుకుని అన్ని ప్రోగ్రాముల శబ్దాన్నీ కలిపి అందులో పోస్తుంది. రెండో వైపు నుంచి మరో ప్రోగ్రాము దాన్ని తోడుకుని ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న పొట్లాలుగా, కట్టి వైఫైలోకి వదులుతుంది. అసలు కథ అక్కడి నుంచి మొదలవుతుంది.

సీడీ నాణ్యత గల శబ్దంలో సెకనుకు ఒక్కో చానల్‌కు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దతరంగాన్ని కొలిచి రాసుకున్న అంకెలు, ఉంటాయి. శాంపిల్‌కు 16 బిట్ల చొప్పున రెండు చానళ్లకూ లెక్కవేస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఈ బరువు నేటి వైఫైకి ఒక లెక్కలోది కాదు. చిక్కంతా నిలకడలో ఉంది. తొలి తరం ఎయిర్‌ప్లే ఒక్కో ప్యాకెట్‌లో 352 శాంపిళ్లు పెడుతుంది. అది సుమారు 8 మిల్లీసెకన్ల శబ్దం. తర్వాతి ప్యాకెట్ ఆలోగా రాకపోతే స్పీకర్ దగ్గర వినిపించడానికి ఏమీ ఉండదు. వైఫైలోనేమో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టాలి. పక్కనే వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు రకమైతే, 50 హెర్ట్జ్ కరెంటులో ప్రతి 20 మిల్లీసెకన్లకూ సగంసేపు, వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రొద చేస్తూనే ఉంటుంది.

ఇందుకే బఫర్. పాఠాల్లో బఫర్ అంటే తాత్కాలిక నిల్వ అని ఒక నిర్వచనం రాయించి వదిలేస్తారు, పిల్లలకు అది ఎందుకో ఎన్నటికీ తెలియదు. మేడమీది నీళ్ల ట్యాంకును చూపిస్తే సరిపోయేది. మున్సిపాలిటీ నీళ్లు ఒకసారి ధారగా, ఒకసారి చుక్కలుగా, ఒకసారి అసలే రాకుండా ఉంటాయి; అయినా ట్యాంకులో నీళ్లున్నంతసేపు స్నానాలగదిలో కుళాయి ఒకే తీరున పారుతుంది. 2 సెకన్ల బఫర్ అంటే 2 సెకన్ల శబ్దం పట్టే ట్యాంకు. ట్యాంకును నింపే పంపు దగ్గర ఈ క్షణం పడిన చుక్క ముందున్న నీళ్లన్నీ ఖాళీ అయ్యాకే కుళాయికి చేరుతుంది; మన సినిమాలో వెనకబడిన మాట ఆ చుక్కే. ట్యాంకును చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, పైన చిన్న అంతరాయం వచ్చినా కుళాయి గుడగుడమంటుంది.

ఈ పోలికలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం మరొకటుంది. పంపు వేగాన్ని కంప్యూటర్‌లో గడియారంగా పనిచేసే క్వార్ట్జ్ స్ఫటికం నిర్ణయిస్తే, కుళాయి వేగాన్ని స్పీకర్‌లోని స్ఫటికం నిర్ణయిస్తుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. కుళాయి పది లక్షలకు 50 పాళ్లు వేగంగా ఉందనుకుందాం. సెకనుకు సుమారు 2 శాంపిళ్లు ఎక్కువ పారుతాయి, గంటకు 0.18 సెకను. నిండుగా ఉన్న 2 సెకన్ల ట్యాంకు 11 గంటల్లో ఖాళీ అవుతుంది, 0.1 సెకను ట్యాంకైతే అరగంట దాటగానే. కుళాయి నెమ్మదిదైతే ట్యాంకు పొంగుతుంది. అందుకని స్పీకర్ పంపినవారి గడియారాన్ని పదేపదే అడిగి తెలుసుకుంటూ, ఎక్కడో ఒక శాంపిల్‌ను తీసేస్తూనో చేరుస్తూనో నీటిమట్టాన్ని కాపాడుకుంటుంది. సెకనుకు 44,100లో ఒకటో రెండో మారితే ఏ చెవీ పట్టుకోలేదు. రెండు స్పీకర్లు జంటగా పాడాలంటే ఈ గడియారాలు మిల్లీసెకను లోపు కలవాలి, లేకుంటే పాట ఒక పక్కకు జరిగినట్టనిపిస్తుంది.

పాటకు 2 సెకన్లు ఆలస్యమైనా పోల్చుకోవడానికి ఎదురుగా ఏమీ లేదు కనుక ఎవరికీ తెలియదు. సినిమాలో పెదవులున్నాయి. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా మనిషి గుర్తుపడతాడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం చెబుతుంది. వెనకపాటును మనం ఎక్కువగా సహించడంలో వింత లేదు, లోకంలో ఎప్పుడూ వెలుగే ముందు. ఉరుము వినబడగానే ‘అర్జునా, ఫల్గుణా’ అని చెవులు మూసుకునే పెద్దలను చూసే ఉంటారు. ఆ ఉరుమును పుట్టించిన మెరుపు అప్పటికే తన పని ముగించుకుని వెళ్లిపోయింది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, 2 సెకన్ల ఆలస్యమంటే నాయిక మన గదిలో కాక 686 మీటర్ల దూరాన నిలబడి మాట్లాడుతున్నట్టు.

దీనికి మందు శబ్దాన్ని తొందరపెట్టడం కాదు, బొమ్మను ఆపడం. సినిమా ఫైలు ముందే మొత్తం చేతిలో ఉంది కనుక ప్లేయర్ శబ్దాన్ని 2 సెకన్లు ముందుగా పంపి బొమ్మను తర్వాత చూపగలదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆడియో ట్రాక్ సర్దుబాటును మైనస్ 2 సెకన్లకు జరిపితే మా ఇంట్లో పెదవులూ మాటా కలిశాయి. వీడియో కాల్‌లో, ఆటలో ఈ ఉపాయం పారదు. అవతలివారు ఇంకా అనని మాటను ముందుగా పంపడం ఎవరి తరమూ కాదు. వాటికి ఆ పాఠకురాలిని పాత తీగ ఇయర్‌ఫోన్లే వాడమన్నాను.