లోతు నీటిలో మెత్తని ఎర: గాలం కట్టేవారి అపోహలు, వాస్తవాలు

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులో పండుగప్ప కోసం మెత్తని ప్లాస్టిక్ ఎరలు వేయడం మొదలుపెట్టి నాకు పద్నాలుగేళ్లయింది. కొన్నేళ్లుగా ఆదివారాల్లో కొత్తవారికి ఈ ఎరను గాలానికి గుచ్చడం, దానిని నీటిలో ముంచే గుండు ఎంచుకోవడం నేర్పుతున్నాను. వచ్చేవారిలో చాలామంది అమెరికాలోని బాస్ చేపల వేట వీడియోలు నెలల తరబడి చూసి, వాటిలో కనిపించిన సామానునే తెప్పించుకుని వస్తారు. సామానులో లోపం ఉండదు. అది ఏ చేప కోసం, ఏ నీటిలో, ఏ చిక్కు తప్పించడానికి పుట్టిందో తెలియకుండా వాడడంలోనే లోపం ఉంటుంది. మోకాలి లోతు నీటిలో ఎరను తప్పుగా కట్టినా అది కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు. ఇరవై అడుగుల కింద అది ఏం చేస్తున్నదో దారం చెబితేనే మనకు తెలుస్తుంది. కింద రాసిన అపోహలన్నిటిలోనూ దారం చెప్పే ఆ కబురు ఎక్కడో ఒకచోట తెగిపోతుంది.

అపోహ: బాస్ అన్నా పండుగప్ప అన్నా ఒకటే, అక్కడ పనిచేసిన కట్టు ఇక్కడా పనిచేస్తుంది.

వాస్తవం: పండుగప్పను ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్ అనడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబానికి చెందినది. మన పండుగప్ప, అంటే లేటిస్ కాల్కారిఫర్, వేరే కుటుంబానికి చెందినది; ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, ముందు మగచేపగా ఎదిగి ఆ తరువాత ఆడచేపగా మారుతుంది. ఈ మెత్తని ఎర పుట్టుక మాత్రం అమెరికాదే. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంటి నేలమాళిగలో పోతపోసిన ప్లాస్టిక్ వానపాముతో ఈ వ్యాపారం మొదలైందని చెబుతారు. రెండు చేపలూ ఎరను నోటితో ఒక్కసారిగా లోపలికి పీల్చుకుంటాయి కాబట్టి ఎర ఆకారం, కట్టే తీరు మనకూ పనికివస్తాయి. పనికిరానిది గాలం మందం. పండుగప్ప మొప్ప కప్పు అంచు బ్లేడులా కోస్తుంది, పెదవి ఆకురాయిలా దారాన్ని అరగదీస్తుంది. మొదటి ఏడాది నేను డ్రాప్ షాట్ (దారం కొసన గుండు, దానికి పైన గాలం ఉండే కట్టు) కోసం అమ్మే సన్న తీగ గాలం వాడాను. పడవ పక్కకు వచ్చిన చేప ఒక్కసారి తల విదిలించేసరికి గాలం మేకులా నిటారుగా సాగింది. రెండు రోజులు గాలం తయారుచేసినవారినే తిట్టుకున్నాను. నిజానికి అది రెండు కిలోల లోపు బాస్ కోసం, సన్న దారంతో నెమ్మదిగా లాగడానికి చేసిన గాలం. ఇప్పుడు మందపు తీగతో చేసిన 4/0 లేదా 5/0 సైజు గాలం, దాని ముందు 40 పౌండ్ల లీడర్ (గాలానికీ అసలు దారానికీ మధ్య కట్టే గట్టి దారం ముక్క) లేకుండా ఏట్లో దిగను.

అపోహ: లోతు ఎక్కువైతే గుండు బరువు పెంచాలి.

వాస్తవం: నేను అందరికన్నా ఎక్కువసార్లు సర్దిచెప్పవలసి వచ్చే మాట ఇదే. గుండు బరువును నిర్ణయించేది లోతొక్కటే కాదు; నీటి ఒరవడికీ, దారం మందానికీ అందులో ఎక్కువ పాత్ర ఉంది. నీటిలో మునిగిన దారం పొడవునా ఒరవడి దానిని పక్కకు నెడుతుంది, దారం ఎంత లావైతే ఆ నెట్టుడు అంత ఎక్కువ. అందుకే లావు నైలాన్ దారంతో 20 గ్రాముల గుండు కూడా విల్లులా వంగిన దారం చివర ఊగుతుంటే, అదే బలమున్న సన్నని అల్లిక దారంతో 10 గ్రాముల గుండు దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. ఉప్పుటేరులో పోటుకూ ఆటుకూ మధ్య నీరు నిలిచే కొద్దిసేపు 7 గ్రాములు చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు జోరుగా లాగుతున్నప్పుడు అదే చోట, అదే లోతులో 21 గ్రాములు కావలసి వస్తుంది.

బరువు ఎక్కువైతే వచ్చే నష్టం కూడా ఉంది. చాలాసార్లు చేప ఎరను అది కిందికి జారుతుండగానే అందుకుంటుంది. రాయిలా పడిపోయే ఎరకు ఆ అవకాశమే ఉండదు. పైగా బరువైన సీసం బురదలో కూరుకుపోయి, ఎరను కూడా తనతో పూడ్చేస్తుంది. కాబట్టి అడుగు తగిలిన సంగతి చేతికి తెలియజేయగలిగినంత తక్కువ బరువు ఎంచుకోవాలి.

ఆ సంగతి ఎలా తెలుస్తుందో చెబుతాను. ఎర నీటిని తాకగానే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. దారం రీలు మీదినుంచి జారుతూ జారుతూ ఒక్కసారిగా వదులై నీటిమీద చిన్న సున్నాలా పడుతుంది. అదే అడుగు. ఆరు మీటర్ల లోతున్న చోట పన్నెండు లెక్కకు తగిలిందనుకుందాం, అంటే లెక్కకు అర మీటరు. తరువాతి విసురులో పదికే దారం వదులైతే అక్కడ మెట్ట ఉన్నట్టు. లోతు తెలిసిన అదే చోట ఎనిమిదికే వదులైతే అది అడుగు కాదు, చేప. కొత్తవారు ఆ ఎనిమిదిని ఎప్పుడూ వదిలేస్తారు. అడుగు తగిలాక రెండు జానల మేర మెల్లగా లాగి చూడండి. బురదైతే జిగురులో కాలు తీసినట్టు వస్తుంది, ఇసుకైతే ఏమీ తెలియకుండా జారుతుంది, ఆల్చిప్పల గుట్టైతే గరగరమని వేళ్లకు తగులుతుంది. పండుగప్ప ఆ గరగర ఆగిపోయే అంచునే ఎక్కువగా కాపు కాస్తుంది. ఈ పనికి టంగ్‌స్టన్ గుండు సీసం కన్నా మేలు. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లైతే టంగ్‌స్టన్‌ది 19 రెట్లు దాటుతుంది; అదే బరువుకు గుండు చిన్నదవుతుంది, గట్టిదనం వల్ల రాయి తగిలిన చప్పుడు స్పష్టంగా అందుతుంది. ధర మాత్రం గుండె ఝల్లుమనిపిస్తుంది, చిప్పల్లో పోగొట్టుకున్న రోజు ఇంట్లో చెప్పుకోలేం.

అపోహ: టెక్సాస్ రిగ్ అనే కట్టు ఒక్కటి వస్తే చాలు, అది ఎక్కడా చిక్కుకోదు.

వాస్తవం: టెక్సాస్ రిగ్‌లో గాలం మొన ప్లాస్టిక్‌లో దాగి ఉంటుంది కాబట్టి నాచులో, మునిగిన కంపలో అది నిజంగానే గొప్పది. లోతులో దానిని పాడుచేసేది వంకర గుచ్చుడు. గాలం మొనను ఎర ముక్కు మధ్యలో అర సెంటీమీటరు దించి పక్కకు తీయాలి, గాలాన్ని కన్ను దాకా లాగి అర చుట్టు తిప్పాలి. తరువాత గాలాన్ని ఎర పక్కన వేలాడదీసి వంపు ఎక్కడికి వస్తుందో గోటితో గుర్తుపెట్టుకుని, సరిగ్గా అక్కడే పొట్టలోంచి వీపుకు గుచ్చాలి. ఆ గుర్తు కన్నా కొద్దిగా వెనుక గుచ్చితే ఎర మధ్యలో ఉబ్బి వంగుతుంది, ముందు గుచ్చితే సాగి వంగుతుంది. వంగిన ఎర ఇరవై అడుగులు దిగేలోపు గిరగిరా తిరిగి దారాన్ని పురి ఎక్కిస్తుంది. ఒడ్డున నిలబడి ఒకసారి పక్కనే నీటిలో లాగి చూసుకుంటే ఇది బయటపడుతుంది, కానీ ఆత్రంలో ఎవరూ చూడరు.

అడుగంతా మెత్తని బురదైతే కరోలినా రిగ్ నయం. గుండు ముందు పోతుంది, పూస, పురి పడకుండా తిరిగే స్వివెల్ దాటి మూరెడు దారం చివర ఎర బురదకు పైన తేలుతూ వెనుక వస్తుంది. వంతెన స్తంభాల పక్కన, పడవ నేరుగా కిందికి దించే చోట్ల నేను డ్రాప్ షాట్ కడతాను. పాలోమార్ ముడితో గాలం కట్టి, మిగిలిన దారపు కొసను గాలం కన్నులోంచి మొన ఉన్న వైపు నుంచి మళ్లీ కిందికి దూర్చాలి. అప్పుడు గాలం దారానికి అడ్డంగా, మొన పైకి చూస్తూ నిలబడుతుంది. ఆ కొసకు జానెడు కింద గుండు. గుండు అడుగున కదలకుండా ఉంటుంది, ఎర ఉన్నచోటే వణుకుతుంది. ఇవేవీ అక్కరలేని శుభ్రమైన ఇసుక మీద గుండు గాలానికే పోతపోసి ఉండే మామూలు జిగ్ హెడ్‌ను మించినది లేదు.

అపోహ: ఫ్లోరోకార్బన్ దారం నీటిలో కనిపించదు కాబట్టి రీలు నిండా అదే చుట్టాలి.

వాస్తవం: నైలాన్ కన్నా తక్కువ కనిపిస్తుంది, అంతే. ఉప్పుటేరు మడ్డి నీటిలో ఆ తేడాకు పెద్ద విలువ లేదు. రాపిడికి ఓర్చుకుంటుంది, నీటిలో మునుగుతుంది కాబట్టి లీడర్‌గా మంచిది. సాగని అల్లిక దారం రీలులో, రెండు బారల ఫ్లోరోకార్బన్ ముందు ఉంటే సరిపోతుంది.

అపోహ: లోతులో ఎరుపు రంగు ఎర బాగా కనిపిస్తుంది.

వాస్తవం: నీరు ముందుగా మింగేది ఎరుపునే. తేట నీటిలో కూడా కొన్ని మీటర్లు దిగేసరికి ఎరుపు నల్లగా మారుతుంది. నేను ముదురు రంగొకటి, తెల్లటిదొకటి తప్ప పెట్టెలో పెట్టుకోను. పాతిక రంగులు కొన్నవారు చేప పడనప్పుడు రంగు మారుస్తారు, నేను గుండు మారుస్తాను.

అపోహ: ఎండాకాలంలో చేపలన్నీ జలాశయం అట్టడుగుకు పోతాయి.

వాస్తవం: సోమశిల, కండలేరు వంటి పెద్ద జలాశయాలకు వెళ్లేవారు ఇది తప్పక తెలుసుకోవాలి (అక్కడ చేపల వేటకు ముందుగా అనుమతి తీసుకోవాలన్నది కూడా). లోతైన నిలువ నీటిలో ఎండకు కాగిన పై పొర తేలికై పైనే ఉంటుంది, కింది చల్లని పొర దానితో కలవదు. కింద కుళ్లే ఆకూ అలమూ ప్రాణవాయువును వాడేస్తాయి, కొత్తది దిగదు. బాస్ వేటగాళ్లు ఆ రెండు పొరల సరిహద్దుకు పైన వెతకడం అందుకే. అడుగున ఎర వేసి కూర్చుంటే చేపలు లేని నీటిలో వేసినట్టే. ఇక కొరమేను సంగతైతే మరీ వేరు. అది పైకి వచ్చి గాలి పీల్చక తప్పదు కాబట్టి సాధారణంగా ఒడ్డు, నాచు, తూటికాడ దగ్గరే తిరుగుతుంది. దానికి లోతు కట్లు వెతకనక్కరలేదు.

అపోహ: ఇది రబ్బరు కాబట్టి తెగిపడినా నీటిలో కరిగిపోతుంది.

వాస్తవం: చాలా ఎరలు పీవీసీకి మెత్తదనం ఇచ్చే నూనె కలిపి పోతపోసినవి. అవి కరగవు, చేప మింగితే పొట్టలో ఉబ్బి ఉండిపోతాయి. వేరే రకం ప్లాస్టిక్ ఎరలతో ఒకే పెట్టెలో ఉంచితే మాత్రం రెండూ కలిసి బంకలా కరుగుతాయి, అదేమి న్యాయమో! చిరిగిన ముక్కలు నా చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెస్తాను.

అపోహ: లోతు నుంచి చేపను నెమ్మదిగా లాగితే, వదిలాక బతుకుతుంది.

వాస్తవం: పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడినుంచి పైకి తెస్తే చేప గాలితిత్తిలోని గాలి రెండింతలు ఉబ్బుతుంది. బాస్‌లోనూ పండుగప్పలోనూ ఈ తిత్తికి గొంతులోకి దారి ఉండదు. లోపలి గాలి రక్తంలోకి ఇంకడానికి గంటలు పడుతుంది. మనం రెండు నిమిషాలకు బదులు ఐదు నిమిషాలు లాగినంత మాత్రాన ఏమీ మారదు, చేప మరింత అలసిపోతుంది. పొట్ట ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకుని, వదిలితే వెల్లకిలా తేలే చేపను సూదితో పొడవవద్దు. చేతికి అలవాటు లేకపోతే పేగులకే తగులుతుంది. తీరానికి బయట రాళ్ల మీదికి వెళ్లే రోజు నేను ఒక మోటు పనిముట్టు తీసుకుపోతాను: ముల్లు అరగదీసిన పెద్ద గాలానికి, మొన కిందికి ఉండేలా, అర కిలో సీసం కట్టినది. దానిని చేప కింది పెదవికి తగిలించి, తాడుతో అడుగుదాకా దించి, ఒక్క కుదుపు ఇస్తే గాలం జారిపోతుంది, చేప అక్కడే ఉండిపోతుంది. వండుకోవడానికి కావలసినవి దొరికాక ఇక లోతులో ఎర వేయను, పడవను ఒడ్డు వైపు తిప్పమంటాను.