బండికి సీబీ యాంటెన్నా కొనబోయే పిల్లలకు

పిల్లలూ,

తుఫాను వచ్చి సెల్ టవర్లు మూగబోయినా ఒకరి మాట ఒకరికి అందాలని మీలో కొందరు బళ్లలో సీబీ సెట్లు, అంటే ఎవరైనా మాట్లాడుకోగల సిటిజన్స్ బ్యాండ్ వైర్‌లెస్ రేడియోలు, పెట్టుకుంటున్నారని తెలిసింది. చాలా సంతోషం వేసింది. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమ మీద పడ్డప్పుడు కరెంటు, టెలిఫోను అన్నీ పోయి, పక్క ఊళ్లో మనవాళ్లు ఎలా ఉన్నారో తెలియాలంటే రోడ్డుకి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లు నరుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. అది చూసినవాళ్లెవరూ ఈ ఆలోచనని తేలిగ్గా తీసుకోరు.

అయితే మీరు అడుగుతున్నదంతా సెట్టు గురించే. ఏ కంపెనీది, ఎన్ని బటన్లు, డిస్‌ప్లే ఎంత. యాంటెన్నా ఏది కొనాలి, బండి మీద ఎక్కడ బిగించాలి అని మాత్రం ఒక్కరూ అడగలేదు, అందుకే ఈ ఉత్తరం. మన దేశంలో లైసెన్సు లేకుండా సీబీకి వదిలింది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, అదీ 5 వాట్ల లోపు. ఖరీదైన సెట్టయినా చవక సెట్టయినా అవే 5 వాట్లు. కాబట్టి మీ మాట రెండు ఊళ్లు దాటుతుందా, మన వీధి చివరే ఆగిపోతుందా అన్నది చాలావరకు యాంటెన్నా చేతిలోనే ఉంది. డబ్బులు తక్కువుంటే సెట్టులో తగ్గించండి, యాంటెన్నాలో తగ్గించకండి. ఇంకో మాట, బయటి దేశాల 40 చానళ్ల సెట్టు చేతికొస్తే అందులో 1 నుంచి 27 వరకే మన హద్దులో ఉంటాయి, 28వ చానల్ 27.285 దగ్గర ఉంటుంది కాబట్టి అది మనది కాదు. సెట్టుకి అనుమతి ఉందా, బండి మీద విడిగా యాంటెన్నా బిగించడం గురించి నిబంధన ఏం చెబుతోంది అన్నది కేంద్రప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం నోటిఫికేషన్‌లో మీరే చదివి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. షాపువాడి నోటిమాట చాలదు.

ఇక అసలు విషయం. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. యాంటెన్నా బాగా పలకాలంటే అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 2.75 మీటర్లు, మన లెక్కలో తొమ్మిదడుగుల రాడ్డు ఉండాలి. బండికి ఇంతకంటే మంచి యాంటెన్నా దొరకడం కష్టం, కానీ దాన్ని మన రోడ్ల మీద తిప్పడం ఎంత ప్రమాదమో కిందికి వచ్చాక చెబుతాను. మార్కెట్లో దొరికే మూడడుగులు, నాలుగడుగుల యాంటెన్నాల్లో తగ్గిన పొడవుకి బదులు రాగితీగ చుట్టు పెడతారు. ఆ చుట్టు వల్ల సెట్టుకి యాంటెన్నా సరైన పొడవు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గాలిలోకి వెళ్లే బలం మాత్రం పొడవుని బట్టే ఉంటుంది. పొట్టిదయ్యే కొద్దీ బలం తగ్గుతుంది, ఒక చానల్‌కి సరిచేస్తే దూరంగా ఉన్న చానల్‌లో తేడా చేస్తుంది. ఒక అడుగున్నర యాంటెన్నా చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మన అవసరానికి మాత్రం అది పనికిరాదు.

చుట్టు ఎక్కడుందో కూడా చూడండి. అడుగున ఉంటే బరువు కిందే ఉంటుంది, గాలికి ఊగదు, గట్టిగా నిలుస్తుంది. కానీ యాంటెన్నాలో కరెంటు ఎక్కువగా పారేది అడుగు భాగంలోనే, ఆ చోటంతా చుట్టే ఆక్రమిస్తే గాలిలోకి వెళ్లేది తగ్గుతుంది. చుట్టు పైభాగంలో ఉన్న ఫైబర్ రాడ్డు ఒకే పొడవు మీద ఇంకాస్త బాగా పనిచేస్తుంది, టాపు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇంకా మేలు. ఫైబర్ రాడ్డు మీద 'ఐదు బై ఎనిమిది వేవ్' అని రాసి అమ్ముతారు, దాన్ని చూసి మురిసిపోకండి. నిజంగా ఆ కొలత రాడ్డు నిలబెడితే దాదాపు ఏడు మీటర్లు కావాలి. వాళ్లు చెప్పేది లోపల చుట్టిన తీగ పొడవు, రాడ్డు పొడవు కాదు.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుంచుకోండర్రా. మీరు కొనే రాడ్డు యాంటెన్నాలో సగమే. మిగతా సగం బండి రేకు. ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా, రాడ్డు కింద ఇనప రేకు పరుచుకుని లేకపోతే ఎంత ఖరీదైన యాంటెన్నా అయినా సరిగా పలకదు. అందుకే టాపు మధ్యలో బిగించినది అన్ని వైపులా సమానంగా వినిపిస్తుంది. వెనక ఎడమ మూలన బిగిస్తే రేకు ఎక్కువున్న వైపు, అంటే ముందు కుడివైపు మాట ఎక్కువ పోతుంది, మిగతా వైపులకి తగ్గుతుంది. బంపరుకి బిగిస్తే క్యాబిన్ వెనక నక్కినట్టవుతుంది, అది ఆఖరి ఎంపిక.

అయస్కాంతం మీద నిలిచే యాంటెన్నా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మంచిదే, టాపుకి బెజ్జం పెట్టక్కర్లేదు. ఇనప టాపుంటేనే అని మాత్రం మరిచిపోవద్దు, రెక్సిన్ టాపు ఆటోలకి, ఫైబర్ హుడ్ వేసిన ట్రాలీలకి అది దండగ. వారానికోసారి ఎత్తి కింద తుడవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బళ్లకైతే ఇసక రేణువులు దాని కింద దూరి రంగు గీరేస్తాయి, గీరినచోట ఉప్పుగాలికి నెల తిరక్కుండానే తుప్పు పట్టుకుంటుంది. ఎక్కువకాలం ఉంచాలంటే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రాకెట్ బోల్టుతో బిగించి, బోల్టు తగిలే చోట రంగు గీకి మెరిసే ఇనుము కనబడ్డాక బిగించి, చుట్టూ సిలికాన్ పూయండి. సముద్రం దగ్గర యాంటెన్నా పాడవడం చాలాసార్లు మొదలయ్యేది రాడ్డులో కాదు, ఈ జాయింటులోనే.

పడవలవాళ్లకి వేరు. ఫైబర్ పడవలో రేకే లేదు, బండి యాంటెన్నా తీసుకెళ్లి బిగించి 'సెట్టు పాడైంది' అనుకుంటారు. రేకు అవసరం లేకుండా తయారుచేసిన యాంటెన్నాలు ఉంటాయి, వాటిని వాటి కేబుల్‌తో సహా తీసుకోవాలి, కేబుల్ మారిస్తే పనిచేయవు.

ఎత్తు సంగతి. కరెంటు లైనున్న రైల్వే గేట్ల దగ్గర అడ్డంగా ఉండే ఎత్తు కమ్మీ 4.67 మీటర్ల దగ్గర ఉంటుంది. మీ పికప్ టాపు 1.8 మీటర్లు అనుకోండి, తొమ్మిదడుగుల రాడ్డు పెడితే 4.55 మీటర్లు, అంటే జానెడు కూడా మిగలదు, గతుకులో ఎగిరితే తగులుతుంది. పైన ఉన్నది 25 వేల వోల్టులు. లారీ క్యాబిన్ మీదైతే లెక్కే అక్కర్లేదు. మన చేల గట్ల మీద వేలాడే తీగలు ఇంకా కింద ఉంటాయి, వాటికి కమ్మీలు కూడా ఉండవు. అందుకే మీకు నేను చెప్పేది మూడు నుంచి నాలుగడుగుల ఫైబర్ రాడ్డు, అడుగున స్ప్రింగు, వంచి కట్టుకునే వీలు. సఖినేటిపల్లి రేవులో బళ్లని గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పుడు, కొబ్బరితోటల్లో దారి సన్నబడ్డప్పుడు వంచేయండి. కాస్త దూరం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కొన్నాక సరిచేయకుండా మాట్లాడకండి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు అని ఒకటుంది, పంపిన బలంలో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి వస్తోందో చూపిస్తుంది, దాన్ని సెట్టుకీ యాంటెన్నాకీ మధ్య చిన్న కేబుల్‌తో పెట్టాలి. బండిని కళ్లం లాంటి ఖాళీ చోట నిలబెట్టండి, రేకుల షెడ్డు కిందా, కరెంటు తీగల పక్కనా వద్దు, తలుపులు మూసి, చుట్టూ మనుషులు లేకుండా చూసుకోండి. 1వ చానల్‌లో మైకు బటన్ నొక్కి, మీటరు మీది నాబ్ తిప్పి ముల్లుని చివరి గుర్తుగీత దగ్గరికి తెచ్చి, తర్వాత మీటరు స్విచ్ ఎస్‌డబ్ల్యూఆర్ వైపు తిప్పి చదవండి, తర్వాత 27వ చానల్‌లో అలాగే. 1లో ఎక్కువ చూపిస్తే రాడ్డు పొట్టిగా ఉంది, పైకి లాగండి. 27లో ఎక్కువ చూపిస్తే పొడుగ్గా ఉంది, కిందికి దించండి, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున. 1.5 లోపు వస్తే బాగున్నట్టు, 2 వరకు ఫరవాలేదు, 3 వచ్చిందంటే పంపిన దానిలో పావు వంతు వెనక్కి వచ్చేస్తోందని అర్థం, ఆపేయండి, సెట్టు లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. యాంటెన్నా తగిలించకుండా బటన్ నొక్కితే కూడా అంతే.

అన్ని చానళ్లలోనూ ఒకేలా ఎక్కువ చూపిస్తే రాడ్డుతో కుస్తీ పట్టకండి, తప్పు బ్రాకెట్ దగ్గరో కేబుల్ ప్లగ్గులోనో ఉంది. మల్టీమీటరు ఒక కొస బ్రాకెట్‌కి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి పెట్టి చూడండి, సున్నా దగ్గర చూపించాలి. తర్వాత రాడ్డు విప్పి, కేబుల్‌ని సెట్టు నుంచి తీసి, ప్లగ్గు మధ్య పిన్నుకీ బయటి గుల్లకీ పెట్టండి, అక్కడ తగలకూడదు. నూటికి తొంభై ఈ రెండింట్లోనే దొరుకుతుంది. సెట్టుకి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో లాగండి, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీస్తే ఇంజన్ ఈల మీ మాటలో కలుస్తుంది.

మీటరు నా దగ్గర ఉంది, ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందు బండి తీసుకురండి, కేబుల్ పొడవు కొలుచుకునే వరకు మాత్రం రాడ్డు కొనకండి.

మీ తాతయ్య